మీ పేరు సరిగ్గా రాయించుకోండి, సరిగ్గా పలికించుకోండి

తెలుగువాళ్ల పేర్లకు ఉద్యోగంలో చిక్కు తరచు చేరిన మొదటి వారంలోనే మొదలవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉంటుంది. కంపెనీ ఫారంలో మొదటి గడి ‘ఫస్ట్ నేమ్’. మెమోలో ముందున్నది ఆ గడిలో, తర్వాతది ‘లాస్ట్ నేమ్’ గడిలో నింపేస్తాం. దాంతో కందుల రమేష్ ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ ‘హాయ్ కందుల’ అయిపోతాడు. మెయిల్ ఐడీ అలాగే పుడుతుంది, మెడలో వేసుకునే కార్డు మీద అలాగే అచ్చవుతుంది, పుణెలో ఉన్న మేనేజరు ‘కందుల జీ’ అంటాడు. తాతకీ నాన్నకీ బాబాయికీ అందరికీ ఉన్న పేరుతో తననొక్కణ్ణే పిలుస్తుంటే రమేష్‌కి మొదట్లో అది తననే అని కూడా తోచదు. చెబుదామనుకుంటాడు. కొత్త కదా, తర్వాత చూద్దాం అనుకుంటాడు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఇలాంటి చిక్కుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి రాతది, రెండోది పలుకుది. రెంటినీ ఒకే తీరుగా చూడటం వల్లే చాలామంది నష్టపోతున్నారని నా నమ్మకం. ‘పోనీలే, ఒక అక్షరమే కదా’ అని రాతలో తప్పును వదిలేస్తారు. పలుకులో తప్పు మాత్రం ఏళ్ల తరబడి మనసులో పెట్టుకుని బాధపడతారు. చేయాల్సింది దీనికి తలకిందులు. రాతలో ఒక్క అక్షరం కూడా వదలకండి. పలుకు ఎంత దగ్గరగా ఉంటే చాలో మీరే ముందు నిర్ణయించుకుని, మొదటి పరిచయంలోనే పైకి చెప్పేయండి.

ముందు రాత సంగతి. జీతంతో బతికే మనిషికి ఇప్పుడు పేరు కనీసం ఆరు చోట్ల ఉంటుంది: పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పీఎఫ్. ఇవన్నీ మనిషి కళ్లతో పోల్చుకున్న రోజుల్లో ‘లక్ష్మి’కి ఇంగ్లీషులో కేఎస్‌హెచ్ రాసినా, ఎక్స్ రాసినా గుమాస్తా అర్థం చేసుకునేవాడు. ఇప్పుడు పోల్చేది కంప్యూటరు. దానికి ఆ రెండూ ఇద్దరు మనుషులు. వెంకటేశ్వర్లులో ‘శ్వ’ దగ్గర ఒక హెచ్ ఉంటే ఒకరు, లేకపోతే ఇంకొకరు. శ్రీనివాస్‌కి చివర ‘రావు’ చేరితే వేరే మనిషి. పీఎఫ్ డబ్బు తీసుకోబోయిన రోజునో, కొత్త కంపెనీ పాత ఉద్యోగాల వివరాలు సరిచూసే రోజునో ఇది బయటపడుతుంది. అప్పటికి పాత కంపెనీ మూతపడి ఉండొచ్చు, సంతకం పెట్టాల్సిన మనిషి మారిపోయి ఉండొచ్చు.

మనకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఇంటిపేరు పొడి అక్షరం. ఆధార్‌లో ‘కె. రమేష్’ అని రాయించుకున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. పాన్ దరఖాస్తు మాత్రం పేరులో పొడి అక్షరాలు ఒప్పుకోదు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయమంటుంది. అలా పాన్‌లో కందుల రమేష్, ఆధార్‌లో కె. రమేష్, బ్యాంకులో రమేష్ కె. అని ఒకే మనిషికి మూడు రూపాలు తయారవుతాయి. పాన్, ఆధార్ జోడించేటప్పుడు చాలామంది తలపట్టుకున్నది ఇక్కడే.

అందుకని ముందు ఒక రూపాన్ని ఖాయం చేసుకోండి. నన్నడిగితే పదో తరగతి మెమోలో ఉన్నదే. తర్వాతి చదువుల పట్టాలన్నీ దాన్ని చూసే రాస్తారు. దాన్ని మార్చడం అన్నిటికన్నా కష్టం కూడా. బడిలోని అడ్మిషన్ రిజిస్టరులో ఒకలా ఉండి మెమోలో మరోలా పడితే, ఆ రిజిస్టరు ఆధారంగా ప్రధానోపాధ్యాయుల ద్వారా బోర్డుకు రాసుకుని సరిచేయించుకోవచ్చు. రిజిస్టరులోనే తప్పుంటే దారి చాలా పొడవు. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే, పరీక్ష ఫీజు కట్టే సమయంలో బడిలో తయారయ్యే నామినల్ రోల్‌ని ఒకసారి మీ కళ్లతో చూడండి. ఆ పది నిమిషాలు వాళ్లకు ముప్ఫై ఏళ్లు పనికొస్తాయి.

మెమోలో ఉన్న రూపాన్ని ముందు ఆధార్‌లోకి తెచ్చుకోండి. పీఎఫ్, పాన్, బ్యాంకు అన్నీ ఇప్పుడు ఆధార్‌తోనే పోల్చుకుంటున్నాయి. అయితే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. తొందరపడి ఒకసారి పొడి అక్షరం తీసేసి, మరోసారి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చి, ఆ రెండూ వాడేసుకున్నవాళ్లు ఉన్నారు. ఏ స్పెల్లింగు, ఏ వరస అన్నది కాగితం మీద రాసి పెట్టుకుని, ఇంట్లో మాట్లాడుకుని, అప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆధార్ కార్డు మీద తెలుగులో ఉన్న పేరు కూడా చూసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల నుంచి యంత్రం తెలుగులోకి మార్చినప్పుడు ‘రమ’ కాస్తా ‘రామ’ అయిపోవడం మామూలే. పింఛను దగ్గరో పట్టాదారు పాసుపుస్తకం దగ్గరో ఆ తెలుగు వరసే అడ్డం పడొచ్చు.

పీఎఫ్ విషయంలో కాస్త వెసులుబాటు వచ్చింది. 2017 అక్టోబరు 1 తర్వాత యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు వచ్చి, అది ఆధార్‌తో సరిచూసి ఉన్నవాళ్లు పేరులో తప్పును యజమాని ఆమోదం లేకుండానే ఆన్‌లైన్‌లో దిద్దుకునే వీలు 2025 జనవరిలో కల్పించారు. అంతకు ముందు నంబరు వచ్చినవాళ్లు యజమానితో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. కాబట్టి ఉద్యోగం మారాలనుకుంటున్నవాళ్లు రాజీనామా ఇవ్వకముందే పీఎఫ్ ఖాతా వివరాల్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చూసుకుని, తప్పుంటే కంపెనీలో ఉండగానే సంతకాలు పెట్టించుకోండి. బయటికొచ్చాక అదే సంతకానికి ఎన్ని ఫోన్లు చేయాల్సొస్తుందో, చేసినవాళ్లనడగండి.

సంఖ్యాశాస్త్రం చూపించుకుని పేరులో ఒక ‘ఏ’నో, ఒక ‘ఎన్’నో చేర్చుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నమ్మకం ఎవరిది వారిది. ఆ స్పెల్లింగును విజిటింగ్ కార్డు మీద, దుకాణం బోర్డు మీద, సినిమా టైటిళ్లలో వాడుకోండి. మెమో, ఆధార్, పాన్‌ల జోలికి తీసుకెళ్లకండి. నిజంగానే పేరు మార్చుకోదలిస్తే అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ ప్రకటన దాకా పద్ధతి ప్రకారం పూర్తిచేసి, అన్నిచోట్లా మార్చండి. సగంలో ఆపిన మార్పు పాత తప్పుకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఆడవాళ్లకు మరో మాట. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేదీ లేదు. పుట్టింటి ఇంటిపేరుతో చదివి, ఉద్యోగంలో చేరి, పీఎఫ్ ఖాతా నడుస్తున్న మనిషికి ఆ పేరే ఉంచుకోవడం సుఖం. ‘మా ఇంటిపేరు ఎందుకు లేదు’ అని అత్తవారింట్లో ఎవరైనా అడిగితే, ఇన్నేళ్ల సర్వీసూ ఆ పేరు మీదే ఉందని చెప్పండి. మార్చుకోవాలని మీకే ఉంటే పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం ముందు చేతిలో పెట్టుకుని, అన్నీ ఒక్క విడతలో కానివ్వండి.

విదేశాలకు వెళ్లేవాళ్ల సంగతి ఇంకా పదునైనది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం ఒకే గడిలో రాయించుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు మొత్తం పేరును ఇంటిపేరు స్థానంలో వేసి, పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. అక్కడ దిగాక బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ ఆ మూడక్షరాలనే పేరనుకుని పిలుస్తారు. నూరేళ్లు వర్ధిల్లాలని తాతగారు పెట్టిన పేరు పోయి, ‘తెలియదు’ అన్న మాట మిగలడం కన్నా బాధ ఏముంటుంది? వీసా దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ సరిచేయించుకోండి.

గల్ఫ్‌కి వెళ్లే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, రాయచోటి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఒకే పేరుండి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. అప్పు తెచ్చి టికెట్టు కొన్న మనిషి విమానాశ్రయంలో ఆగిపోతే, ఆ నష్టం ఏ ఏజెంటూ భరించడు. అక్కడ చేరాక ఇచ్చే గుర్తింపు కార్డు మీద పేరు అరబ్బీలో కూడా ఉంటుంది. అరబ్బీ అక్షరమాలలో ‘ప’ లేదు, దాని స్థానంలో ‘బ’ వాడతారు. పోచయ్య బోచయ్యగా, పద్మ బద్మగా వినిపిస్తుంది. అది వెక్కిరింత కాదు, ఆ భాష తీరు. పిలుపులో దాన్ని సర్దుకోవచ్చు. కార్డు మీద ఇంగ్లీషులో ఉన్న పేరు మాత్రం పాస్‌పోర్టుతో అక్షరం పొల్లు పోకుండా ఉండాలి, జీతం జమయ్యేదీ ఇంటికి డబ్బు పంపేదీ ఆ పేరు మీదే.

ఇక పలుకు సంగతి. దీంట్లో ముందు ఎదుటివాళ్ల వైపు నుంచి కాస్త చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో మన హ్రస్వ దీర్ఘాలు లేవు. రమ, రామ, రెండూ అక్కడ ఒకే నాలుగు అక్షరాలు. కళ, కాల అంతే. మనం ‘త’ కోసం టీ పక్కన హెచ్ రాస్తాం. లత, స్వాతి, గీత, జ్యోతి అన్నీ ఆ పద్ధతిలో రాసుకున్నవే. హిందీ చదివినవాళ్లకు ఆ రెండక్షరాలూ కలిస్తే ‘థ’. అందుకే ఢిల్లీలో లత గారు ‘లథా’ అవుతారు. అమెరికావాళ్లు అదే జంటను ఇంకోలా, నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. ‘ళ’ హిందీ మాట్లాడేవాళ్లలో చాలామందికి అలవాటు లేదు, కాబట్టి నళిని నలిని అవుతుంది. మొదటిసారి తప్పు పలికినవాళ్లు చాలావరకు మిమ్మల్ని తక్కువ చేసినవాళ్లు కాదు. వాళ్ల ముందున్న అక్షరాల్లో ఆ సంగతి లేదు, అంతే. మీరు చెప్పాక కూడా పట్టించుకోకపోవడం వేరే విషయం.

కాబట్టి మొదటి పరిచయంలో పేరు గబగబా మింగేయకండి. మనం చేసే పెద్ద తప్పు ఇదే. ఇంటర్వ్యూలో ‘యువర్ గుడ్ నేమ్?’ అనగానే రెండు క్షణాల్లో గడగడా చెప్పేసి తల దించుకుంటాం. నెమ్మదిగా, విడగొట్టి, రెండుసార్లు చెప్పండి. ‘సత్య-వతి. సత్యవతి.’ ఎదుటివాళ్ల భాషలో ఉన్న మాటేదైనా మీ పేరుకు దగ్గరగా ఉంటే అది ఊతంగా ఇవ్వండి. అమెరికా నాయకురాలు కమలా హ్యారిస్ తన పేరును అక్కడివాళ్లకు చెప్పిన తీరు ఇదే. వాక్యంలో పెట్టే కామా పక్కన ‘లా’ చేర్చమని 2019లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. మనం పలికే కమలకూ దానికీ కొంచెం తేడా ఉంది. కానీ ఎంతవరకు చాలో ఆమె నిర్ణయించుకున్నారు, దాన్ని పట్టుకుని నిలబడ్డారు. 2020 ఎన్నికల సభలో ఒక సెనెటర్ ఆ పేరును కావాలని వంకరటింకరగా పలికితే, దేశం నలుమూలల నుంచీ జనం తమ తమ పేర్ల అర్థాలు చెబుతూ ముందుకొచ్చారు.

ఫోన్లో పనిచేసేవాళ్లు, అంటే కాల్ సెంటరు, బ్యాంకు, కొరియరు, సేల్స్‌లో ఉన్నవాళ్లు, స్పెల్లింగు చెప్పేటప్పుడు మూడేసి అక్షరాలుగా చెప్పండి. బీ, డీ, పీ, టీ, ఈ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి. ‘బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ’ అని ఊళ్ల పేర్లతో కలిపి చెబితే పొరపాటు తగ్గుతుంది. చెప్పాక ‘ఒకసారి తిరిగి చదవండి’ అని అడగడం మరవకండి. లింక్డిన్‌లో పేరును సొంత గొంతుతో పది సెకన్లు రికార్డు చేసి పెట్టుకునే వీలు 2020 నుంచి ఉంది. మీతో మాట్లాడబోయేవాళ్లు ముందే విని వస్తారు.

తప్పు పలికినవాళ్లను దిద్దడం మనకు కష్టం. పెద్దవాళ్లని తప్పు పట్టకూడదని పెరిగినవాళ్లం. పై అధికారి ‘సౌమ్య’ను ‘సోమియా’ అంటే, ఏడాదంతా ‘ఎస్ సర్’ అంటూ పలుకుతాం. ఏడాది తర్వాత చెబితే ఆయనకు సిగ్గుగా ఉంటుంది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మనల్నే అడుగుతారు. మొదటి వారంలో చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. అందరి ముందూ వద్దు, సమావేశం అయ్యాక ఒక్క నిమిషం ఆగి, ‘సర్, చిన్న విషయం, నా పేరు సౌమ్య అండి. సౌ అని పలకాలి’ అంటే చాలు. క్షమాపణలు చెప్పుకోకండి, పేరు వెనక కథ చెప్పకండి. మరోసారి తప్పితే మరోసారి అదే స్వరంతో చెప్పండి. అప్పటికీ మారకపోతే పక్కనుండే సహోద్యోగి సాయం తీసుకోండి. సమావేశంలో ఆయన నోట మీ పేరు రాగానే, ఆ సహోద్యోగి సరిగ్గా పలుకుతూ మాట అందుకుంటే అందరి చెవికీ అలవాటవుతుంది. ఇది నిజంగా పనిచేస్తుంది.

ఇంటిపేరుతో పిలుస్తుంటే మాత్రం నోటితో దిద్దుకోవడం సరిపోదు. హెచ్ఆర్ విభాగానికి మెయిల్ రాసి, డిస్‌ప్లే నేమ్ మార్పించుకోండి. చాలా కంపెనీల వ్యవస్థల్లో పిలుపు పేరుకు వేరే గడి ఉంటుంది. జీతానికీ పన్నుకూ వెళ్లే పేరు అలాగే ఉండి, మెయిల్‌లోనూ కార్డు మీదా పిలుపు పేరు వస్తుంది. వెంకట సాయి లక్ష్మీ ప్రసన్న లాంటి నాలుగు మాటల పేరున్నవాళ్లకు ఇది మరీ అవసరం. విదేశాల్లో మొదటి మాటనే పట్టుకుంటారు. ఒకే జట్టులో ముగ్గురు ‘వెంకట’లు తేలితే పని అప్పగింతలే తారుమారవుతాయి.

మరి ‘శామ్’ అనో ‘క్రిస్’ అనో పేరు పెట్టేసుకుంటే? అలా ఆలోచించేవాళ్లను నేను తప్పు పట్టను. టొరంటో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఫిలిప్ ఒరియోపౌలస్ వేల సంఖ్యలో ఉద్యోగ దరఖాస్తులు పంపి చూసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. అవే అర్హతలున్నా భారతీయ, పాకిస్తానీ, చైనా పేర్లున్న దరఖాస్తులకన్నా ఇంగ్లీషు పేర్లున్నవాటికి మూడో వంతుకు పైగా ఎక్కువ పిలుపులు వచ్చాయి. అన్యాయం నిజమే, లెక్కల్లో కనబడుతోంది. అయినా నా సలహా ఏమిటంటే, మీ పేరులోంచే ఒక చిన్న ముక్క తీసుకోండి. వెంకటేశ్వర్లుకు వెంకట్, శ్రీలక్ష్మికి శ్రీ, అనసూయకు అను. ఆ ముక్క మీకు ఇష్టమైనదై ఉండాలి, మేనేజరు వీలు కోసం పెట్టినది కాకూడదు. రెజ్యూమేలో పిలుపు పేరు పక్కనే పూర్తి పేరూ ఉంచండి. పట్టాలు సరిచూసేటప్పుడు రెండూ ఒకే మనిషివని తేలికగా తెలుస్తుంది. తేడా మరీ ఎక్కువుంటే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి ముందే సిద్ధంగా పెట్టుకోండి.

మనం కూడా ఇతరుల పేర్ల దగ్గర ఇంతే శ్రద్ధ చూపాలి. తమిళ, మలయాళ సహోద్యోగుల పేర్లలో జెడ్, హెచ్ కలిసి కనిపిస్తే మనం ‘జ’ అని చదివేస్తాం. ఆ జంట వాళ్ల భాషలోని ప్రత్యేకమైన అక్షరానికి గుర్తు, మనకు దగ్గరైనది ‘ళ’. కనిమొళి అనాలి, కనిమొజి కాదు. మణిపూర్, నాగాలాండ్ నుంచి వచ్చినవాళ్ల పేర్లు తెలియకపోతే ‘మీ పేరు ఎలా పలకాలి’ అని అడగండి. అడిగారని ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఇంకొక్క పని ఉంది, చాలామంది దాటేసేది. పీఎఫ్‌లో, బీమాలో, బ్యాంకులో నామినీగా రాసిన అమ్మ పేరో భార్య పేరో ఆమె ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? ఊళ్లో లచ్చమ్మ అని పిలుస్తారు, ఆధార్‌లో లక్ష్మమ్మ ఉంటుంది, మనం ఫారంలో లక్ష్మి అని రాస్తాం. ఎల్లమ్మ ఇంగ్లీషులో ఒకచోట ఈ అక్షరంతో, మరోచోట వై అక్షరంతో మొదలవుతుంది. మనం ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. మనకు ఏదైనా అయిన రోజున, చదువురాని ఆ తల్లి ఆఫీసు ఆఫీసుకూ తిరిగి ‘ఆ లక్ష్మి నేనే బాబూ’ అని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఈ ఆదివారం ఆమె ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని, మీ నామినేషన్లన్నీ తెరిచి, అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే అప్పుడే కొత్త నామినేషన్ దాఖలు చేసి, ఒక ప్రతి అచ్చు తీసి ఆమె చేతికే ఇవ్వండి.